ఉల్టా అతుకులు

నేను ఇంట్లో లేని రోజుల్లో నా బావమరిది మా డాబా ఎక్కి, బాగా పనిచేస్తున్న నా ఏరియల్‌ను ముక్కలుగా కోసి, బాగుచేశాడు. నన్ను అడగలేదు. ఫోను చెయ్యలేదు. పైగా బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని, మా బావ ఇన్నేళ్లుగా ఉల్టా వైరింగ్ పెట్టుకుని గాలితో మాట్లాడుతున్నాడు, నేనే సీదా చేసి వచ్చాను అని చెప్పుకున్నాడు.

జరిగింది ఇదే. దీనికి ఇంత కోపం ఎందుకని అడిగేవాళ్లు ఇక్కడే చదవడం ఆపేయవచ్చు. అలాంటివాళ్లు మా ఇంట్లోనే కావలసినంత మంది ఉన్నారు.

నేను మోటార్లు చుట్టేవాణ్ణి. బాన్సువాడ చుట్టుపక్కల కాలువ నీళ్లు అందని మడులకు బోర్లే దిక్కు. ఆ బోరు మోటార్లు కాలిపోయినప్పుడల్లా నా దుకాణం ముందు దిగేవి. బడిలో చదివింది ఆరో తరగతి వరకే. ఆ తర్వాత చదివిందంతా దుకాణంలో, రాగి తీగ చుట్టల మధ్య కూర్చుని, ఒళ్లో ఇంగ్లీషు పుస్తకం, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివిందే. కొన్ని పేజీలు వారాల తరబడి కదిలేవి కావు. కదిలేదాకా నేనూ కదల్లేదు. అమెచ్యూర్ రేడియో లైసెన్సు పరీక్షకు హైదరాబాదు వెళ్లినప్పుడు అక్కడి ఇంజనీరింగు పిల్లలు నన్ను ఎవరి తండ్రో అనుకుని, పెద్దలు బయట కూర్చోవాలండీ అన్నారు. నేను పాసయ్యాను. వాళ్ల సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

అమెచ్యూర్ రేడియో అంటే పాటలు వేసే రేడియో కాదు. సర్కారు మనకు లైసెన్సు, ఒక పిలుపు గుర్తు ఇస్తుంది. ఇంట్లో సెట్టు పెట్టుకుని, అలాంటి లైసెన్సే ఉన్న మరొకరితో మాట్లాడుకోవచ్చు. నడుమ టవరు ఉండదు, కంపెనీ ఉండదు, రీచార్జి ఉండదు. ఇటు నా సెట్టు, నా ఏరియల్. అటు అవతలివాడి సెట్టు, ఏరియల్. మధ్యలో ఉన్నది గాలి ఒక్కటే. చేతిలో సెల్‌ఫోను పెట్టుకుని ఇదెందుకు తాతా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. తెలుసుకుందామని అడిగినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.

నాకు అవతలివాడు ఒకాయన ఉన్నాడు. డోంగ్లి దాటి, సరిహద్దు దాటి, ఒక మరాఠీ ఊళ్లో పిండిగిర్ని నడుపుతాడు. నా ఈడువాడే. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడతాడు. నన్ను దాదా అంటాడు, నేనాయన్ను సేఠ్ అంటాను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆయన గిర్ని మోత మొదలు కాకముందు, పొద్దున్నే, ఇద్దరం కాసేపు మాట్లాడుకుంటాం. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాం. నంబరు చేతికొస్తే సెట్టు మీద దుమ్ము పడుతుందని ఇద్దరికీ తెలుసు. వానలు, మోకాళ్లు, ఉల్లిగడ్డ ధర, ఇద్దరి ఇళ్లలోనూ మా మాట వినని జనం, ఇవే మా ముచ్చట్లు. మా ఆవిడ వాటిని ఏడుపు ముచ్చట్లు అంటుంది. కావచ్చు. ఆ ఏడుపు వినేవాడు నాకు బాన్సువాడలో ఒక్కడు దొరకలేదు.

ఆ గొంతు అంత దూరం నుంచి నా గదిలోకి రావడానికి కారణం ఆ ఏరియల్. దుకాణంలో కొన్న పుల్లలాంటి ఏరియల్‌తో ఆయన మాటలో సగం ఊపిరే వినబడేది. అందుకని నేనే కేబుల్‌తో ఏరియల్ చేశాను.

ఒకప్పుడు మీ ఇంటికి టీవీ బొమ్మ మోసుకొచ్చిన నల్ల తీగనే కోయాక్సియల్ కేబుల్ అంటారు. నడుమ ఒక తీగ, దాని చుట్టూ తెల్ల ప్లాస్టిక్, దాని మీద సన్న పోగులతో అల్లిన జాలి, అన్నిటి మీద నల్ల తొడుగు. దాన్ని ఇంచుమించు మూరన్నర చొప్పున ముక్కలు కొయ్యాలి. ఆ ఇంచుమించులోనే పనంతా ఉంది. తరంగం గాలిలో కంటే కేబుల్‌లో నెమ్మదిగా పోతుంది కాబట్టి ముక్క ఆ మేరకు పొట్టిగా ఉండాలి, గోరంత తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. కోసిన ముక్కలను ఒకదాని మీద ఒకటిగా అతకాలి. అతికేటప్పుడు ఈ ముక్క నడిమి తీగను ఆ ముక్క జాలికి, ఈ ముక్క జాలిని ఆ ముక్క నడిమి తీగకు కలపాలి. ప్రతి అతుకు దగ్గరా ఇలా తిరగెయ్యాలి. అతికినదంతా ఒక ప్లాస్టిక్ పైపులోకి దించి డాబా మీద నిలబెట్టాలి. చిట్టచివర ఒక బోడి తీగ ఆకాశంలోకి నిలబడి ఉండాలి.

ఎందుకు తిరగెయ్యాలి? బురదలో ట్రాక్టరు దిగబడిందనుకోండి. తాడు పట్టుకున్న వాళ్లలో సగం మంది ఇటు, సగం మంది అటు లాగితే అది కదలదు. కేబుల్‌లోని కరెంటు అలాంటిదే. ముక్క ముక్కకూ దాని దిక్కు మారిపోతుంది. మారినచోటల్లా మనం తీగను తిరగేస్తే ముక్కలన్నీ ఒకే వైపు లాగుతాయి. ఇది అర్థం చేసుకోవడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది. నా బావమరిదికి రెండు నిమిషాలు చెప్పి ఉండేవాణ్ణి. వాడు అడిగి ఉండాల్సింది.

వాడి గురించి చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాదని మా ఆవిడ అంటుంది. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. వాడికి ఉన్నది బాగుచేసే జబ్బు. నా పెండ్లయిన కొత్తలో నా సైకిలు బ్రేకులు బిగించి, చక్రమే తిరక్కుండా చేశాడు. ఈ ఇల్లు కట్టినప్పుడు మెట్ల దీపానికి కిందొకటి, పైనొకటి స్విచ్చి పెట్టించాను, ఎక్కేటప్పుడు వేసి పైన ఆర్పుకోవచ్చని. వైర్లు అడ్డంగా పోయాయని చూసి వాటిని సరిచేశాడు. ఇవాళ్టికీ కింద వేసిన దీపం ఆర్పాలంటే కిందికే దిగాలి. నేను ఏదీ మరిచిపోలేదు. మరిచిపోవాలని మా ఆవిడ తరఫువాళ్లు అందరూ కోరుకుంటారు, అది వేరే సంగతి.

ఊరికి కేబుల్ టీవీ తెచ్చినవాళ్లలో వాడొకడు. అంతకుముందు ఇంటింటి మీదా ఏరియల్ నిలబెట్టింది నేను. నేను పైన పైపు తిప్పుతుంటే కింద నుంచి వచ్చింది, పోయింది, ఇంకా కొంచెం, అయ్యో మళ్లీ పోయింది అని కేకలు పెట్టేవాళ్లు. వాడి కేబుల్ వచ్చాక ఆ పైపులన్నీ బీరపాదుల పందిళ్లకు గుంజలయ్యాయి. ఇప్పుడు కేబుల్ కూడా పోయింది. గాజు తీగ మీద ఇంటర్నెట్ అమ్ముతూ ఏసీ గదిలో కూర్చుంటాడు. పాత కేబుల్ చుట్టలు షెడ్డులో పడేసి ఉంటే నేనే అడిగాను. తొలినాళ్ల కేబుల్ అది, జాలి రాగితో అల్లింది. తర్వాత వచ్చిన వాటిలో జాలి అల్యూమినియం. దానికి టంకం అంటదు, నా పనికి రాదు. తీసుకుపో బావా, అది పాముల పుట్ట అయింది అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

ఇక అసలు సంగతి. నాకు కంట్లో శుక్లం తీయడానికి నిజామాబాదు దవాఖానకు వెళ్లాలి. ఆ సంగతి సేఠ్‌కు చెబుదామనే ఆ పొద్దున సెట్టు వేశాను. ఆయన వేరే పాట ఎత్తుకున్నాడు. అల్లుడు ఫ్యాక్టరీ ఏరియల్ తెచ్చి బిగించాడట, అద్భుతంగా ఉందట. "దాదా, నువ్వు గూడ గీ తీగముక్కల పిచ్చి ఇడిసిపెట్టు. చేతులు వణుకుతయ్, కండ్లు ఆనయ్, ఇంకెన్ని దినాలు గీకుతవ్?" అన్నాడు. పిండి దుమ్ము నీ బుర్రలోకి కూడా పోయింది అని నేనన్నాను. ఇంకా ఒకటి రెండు అన్నాను. సెట్టు ఆపేశాను. ఆపరేషన్ సంగతి చెప్పనే లేదు. ఆయన అన్నదానికి నేను ఆపక ఏం చెయ్యాలి?

ఆపరేషన్ అయ్యాక వర్ని దగ్గర మా కూతురి ఇంట్లో పెట్టారు. వంగకూడదు, బరువు ఎత్తకూడదు, తలకు నీళ్లు పోసుకోకూడదు, నిచ్చెన ఎక్కకూడదు. ఆ డాక్టరుకు తెలిసిన తెలుగంతా కూడదు అన్న మాటే. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మంచంలో కూర్చుని, పొద్దున ఆ వేళకు అవతల ఆయన నన్ను పిలుస్తుంటాడని అనుకునేవాణ్ణి. పిలవనీ, నాలుగు రోజులు పిలిచి బుద్ధి తెచ్చుకోనీ అని కూడా అనుకున్నాను.

బాన్సువాడ వచ్చిన మర్నాడే సెట్టు వేశాను. బుస్సుమని శబ్దం తప్ప ఏమీ లేదు. నా గుర్తు చెప్పి, ఆయన గుర్తు చెప్పి పిలిచాను. రోజూ పిలిచాను. లేదు. అలిగాడనుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, "గాయనకు గూడ నీ నోటి సంగతి తెలిసినట్టుంది" అని ఒక మాట విసిరింది. సెట్టుకూ ఏరియల్‌కూ మధ్య నేను ఒక ముల్లు మీటరు పెట్టుకున్నాను. ఏరియల్ బాగుంటే పంపిన శక్తి పైకి పోతుంది, ముల్లు పడుకుని ఉంటుంది. ఏరియల్ పట్టుకోకపోతే శక్తి వెనక్కి తన్నుతుంది, ముల్లు లేస్తుంది. నాకింకా కన్ను మసకగా ఉంది. ముల్లు ఎక్కడుందో చూడమని ఆమెను పిలిచాను.

"కొసకు పోయి కూసున్నది. ఇంకా పోదామంటే జాగలేదు" అంది.

పైపులోకి నీళ్లు దిగాయనుకున్నాను. పైకెక్కి చూద్దామంటే నిచ్చెన ముందు ఆమె అడ్డం. వారాలు అలాగే గడిచాయి. సెట్టు పాడైందన్నారు. చెవులు పోయాయన్నారు. అటు మనిషికి ఏమన్నా అయిందేమో అని మా కూతురు ఫోనులో మెల్లగా అంది. ఆ మాట తర్వాత నాకు అన్నం సరిగా పోలేదు. పిండి దుమ్ము మాట అన్నవాడు నేనే కదా, చివరి మాట అదే అయితే ఎలా?

ఒకరోజు బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, హోటలతను గ్లాసు నా ముందు పెట్టి అడిగాడు.

"తాతా, మీ బామ్మర్ది అంతా సీదా చేసిండట గద. ఇగ ఇప్పుడు ఢిల్లీ గూడ దొరుకుతుందా?"

బల్ల దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. సీదా చేశాడంటే ఏం చేశాడని అడిగాను. అతనికి తెలిసిందంతా చెప్పాడు. నేను చాయ్ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. మా ఆవిడను అడిగితే, గాలివానకు పైపు వంగితే తమ్ముణ్ణి పిలిచానని, నిలబెట్టి కట్టి పొమ్మన్నానని, వాడు మధ్యాహ్నం దాకా పైనే ఉన్నాడని చెప్పింది. పైపు కట్టించడం కూడా నాకు చెప్పాల్సిన సంగతని అనుకోలేదట. వాడు అంతసేపు ఏం చేశాడో తనకు తెలియదట. ఎండలో అంత కష్టపడ్డాడని మజ్జిగ కూడా పంపిందట.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. ఆమె కింద నుంచి ఏవేవో అంటూనే ఉంది. పైపు దించి, పైమూత తీసి, లోపలి కేబుల్ లాగాను. ప్రతి అతుకు దగ్గరా ఒక టీవీ జాయింటరు మెరుస్తోంది. ఇటొక పిన్ను, అటొక పిన్ను, నడుమ ఇత్తడి మరలు, తళతళలాడుతూ. నడిమి తీగ నడిమి తీగకు, జాలి జాలికి. జాయింటరు పట్టడానికి ప్రతి ముక్కనూ రెండు వైపులా వేలెడంత కోసేశాడు. కొసన ఆకాశంలోకి ఉండాల్సిన బోడి తీగను వాన పడుతుందని కత్తిరించి, టేపు చుట్టాడు. పని మాత్రం శుభ్రంగా ఉంది. ఒక్క పోగు బయటికి లేదు. అదే నా ఒళ్లు మండించింది. ఆ రాగి జాలి కేబుల్ ఇంకెక్కడా దొరకదు. ఒక మంచి ఏరియల్‌ను వాడు చాలా మంచి టీవీ వైరుగా మార్చి పెట్టాడు.

ఆ ముక్కలన్నీ యూరియా సంచిలో వేసుకుని వాడి ఆఫీసుకు పోయాను. బిల్లులు కట్టేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. సంచి బల్ల మీద బోర్లించాను.

"కూసో బావ. చాయ్ చెప్పాల్నా?" అన్నాడు.

"ఎవడు ముట్టమన్నడు నిన్ను?"

"అక్క పిలిచింది. పైపు కట్టిన. లోపల గలగల అంటుంటే తీసి చూసిన. చూస్తే ఏముంది, అన్నీ ఉల్టా. తీగ కలిస్తే మోగే మీటరు పెట్టి చూస్తే కింద నడిమి తీగకు పైన జాలి మోగుతుంది. కాలనీల గిట్ల ఒక్క అతుకు ఇస్తే వీధి మొత్తం బొమ్మ పోతది బావ. నువ్వు పెద్దోనివైనవ్, కండ్లు కనవడక కలిపినవ్ అనుకున్న. నీ ఇజ్జత్ పోవద్దని ఎవరికి చెప్పక సీదా చేసిన."

"ఎవరికి చెప్పలేదా? చాయ్ హోటల్ల ఎవరు చెప్పిండ్రు?"

"గది తర్వాత."

బిల్లు కట్టడానికి వచ్చిన ఒకడు దగ్గాడు. నేను బావమరిదికి ట్రాక్టరు ఉదాహరణ చెప్పాను. కాగితం మీద గీసి చూపించాను. కరెంటు దిక్కు మారుతుందని, అది టీవీ కాదు, పంపే ఏరియల్ అని చెప్పాను. అంతా విని, కాగితాన్ని నా వైపే తిప్పి పెట్టాడు.

"కేబుల్ కేబులే గద బావ. ముప్పై ఏండ్ల సంది గీ చేతులతోని అతుకుతున్న."

ఇక నాకు కావలసింది ఒక్కటే అని చెప్పాను. బాగున్నదాన్ని చెడగొట్టాను, తప్పయింది బావా అని అనాలి. ఆఫీసులో వద్దు, చాయ్ హోటల్లో అనాలి. వాడు ఫోను బల్ల మీద పెట్టి, తల ఎత్తాడు.

"చెడిపోయిందని నాకేం ఎరుక? నీ సెట్టే ఖరాబైందేమో. నువ్వు మళ్ల నీ లెక్క ఉల్టా కట్టు. గా మరాఠాయన గొంతు నా చెవులకు వినిపియ్. నా నోట్లకెళ్లి ఏం రావాల్నో అప్పుడు వస్తది."

బిల్లువాళ్లు తలలూపారు. న్యాయంగా ఉందట. చెడగొట్టినవాడు పరీక్ష పెడుతున్నాడు, చెడినవాడు రాయాలి. అయినా ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే ఊళ్లో వాడి మాటే నిలిచిపోయేది.

షెడ్డులో మిగిలిన చుట్టలు వాడు ఎప్పుడో తుక్కుకు అమ్మేశాడు, అందుకని కేబుల్ కోసం ఊళ్లు తిరిగాను. బోధన్ పోయాను, కామారెడ్డి పోయాను. పాత సామాన్ల షాపుల్లో రాగి అన్న మాట వింటేనే నవ్వారు. రాగి ఏదైనా ఎప్పుడో కాల్చి కరిగించి అమ్మేశారట. చివరకు దొరికింది మా కూతురి ఇంటి పక్కన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రైతు ఇంటి పెరట్లో. నేను మంచంలో ఉన్న రోజుల్లో నల్ల కళ్లద్దాల్లోంచి ఎన్నిసార్లు చూశానో దాన్ని. రెండు స్తంభాల మధ్య కట్టిన నల్ల దండెం, దాని మీద చీరలు, పంచెలు, పిల్లల చొక్కాలు. అది తొలినాళ్ల కేబుల్. కొస విప్పి గీకి చూస్తే రాగి మెరిసింది. ఆ ఇంటి ఆవిడ గుమ్మంలోంచి, "ఏంటి బాబాయి గారూ, మా దండేన్ని కొరుకుతున్నారు?" అంది. నాకు ఆ తీగ కావాలన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. సగం వినకముందే చేతులు ఊపి, నైలాను తాడు తెచ్చి కట్టించి పెట్టండి, మీ తీగ మీరు పట్టుకెళ్లండి అంది. తాడు తెచ్చి కట్టాను. ముడి వదులుగా ఉందని మళ్లీ కట్టించింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు కోపం లేని మనిషి ఆవిడ ఒక్కతే.

ఎండకు తొడుగు పగిలినచోట్ల కోసి పారేస్తే, సరిగ్గా సరిపోయేంత మిగిలింది. ఒక్క ముక్క చెడినా ఇంకోటి లేదు. బ్లేడుతో తొడుగు గీకాలి, కింది జాలి పోగు తెగకూడదు. జాలిని వెనక్కి మడిచి, పోగులను జడలా పురిపెట్టి, తెల్ల ప్లాస్టిక్ కోసి, నడిమి తీగ బయటికి తియ్యాలి. టంకం కాస్త ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్ కరిగి రెండూ అంటుకుంటాయి. ఆపరేషన్ అయిన కన్ను దూరం బాగా చూస్తుంది, దగ్గర చూడదు. చెయ్యి నిజంగానే వణుకుతుంది. సేఠ్ అన్నమాట అబద్ధం కానందుకు ఆయన మీద ఇంకా కోపం వచ్చింది. ముక్క రెండో కొస మా ఆవిడ పట్టుకుంది. నేను బతిమాలలేదు, ఆమె తనంతట వచ్చి పట్టుకుంది.

"మా తమ్ముని మీద కోపంతోని గింత సన్నగ గీకుతున్నవ్. గీ కోపం లేకపోతే నీకు చేతనే కాకపోవు" అంది.

కొస కదపకు అన్నాను. టంకం ఆరుతోంది.

ప్రతి ముక్కనూ కర్రతో కొలిచాను, కలిపాను, తిరగేశాను. ఆమె ప్రతి అతుకు దగ్గరా, ఇది ఉల్టానే కదా, చూసుకున్నావా అని అడిగింది. వాడి రక్తమే కదా. కొసన బోడి తీగ నిలబెట్టి, పైపులోకి దించి, పైకెక్కించాను. ఈసారి నిచ్చెన ఆమే పట్టుకుంది. సెట్టు వేసి మైకు నొక్కాను. మీటరు ముల్లు పడుకుంది.

కాని ముల్లు పడుకుంటే వాడు ఒప్పుకోడు. వాడికి గొంతు కావాలి. ఆ గొంతు ఇన్ని వారాలు నన్ను పిలిచి, విసిగి, మానేసి ఉంటే? ఏమన్నా అయి ఉంటే? ముందుగా ఒక్కసారి పిలిచి చూసుకోవచ్చు. చూసుకోలేదు. మాటంటే మాటే అని వాడికి కబురు పంపాను.

ఆదివారం పొద్దున వచ్చాడు. తెల్ల చొక్కా వేసుకుని, మా ఆవిడకు అరటిపండ్లు పట్టుకుని, నా గదిలో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని సెట్టు వేశాను. బుస్సుమంది. పిలిచాను. బుస్సుమనే ఉంది. మళ్లీ పిలిచాను. వాడు ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. మా ఆవిడ చాయ్ తెచ్చి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. పిలుస్తూనే ఉన్నాను. వాడు చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, ఫికర్ చెయ్యకు బావా, ఇంకోరోజు చూద్దాం అని లేచాడు.

అప్పుడు వచ్చింది. దగ్గు ముందు, గొంతు తర్వాత.

"కాయ్ దాదా. ఉన్నవా పోయినవా?"

మైకు నొక్కి, నీ ఏరియల్ ఎట్లా ఉందని మాత్రం అడిగాను. ఆయన మొదలుపెట్టాడు. నేను అలిగి సెట్టు అమ్మేసుకున్నానని అనుకున్నాడట. రోజూ పిలిచి పిలిచి, ఈ ముసలోడికి ఇంత రోషమా అని తిట్టుకుని, ఆదివారం ఆదివారం మాత్రం పిలుస్తున్నాడట. మొదటి రోజుల్లో ఏడుపు కూడా వచ్చిందని చెప్పి, వెంటనే అది పిండి దుమ్ము అని సరిదిద్దుకున్నాడు. "తీగముక్కల ఏరియలేనా?" అని అడిగాడు. అవునన్నాను. "మంచిగ గట్టిగ వస్తున్నవ్. సరే తియ్యి, గదే పెట్టుకో" అన్నాడు. గదిలో ప్రతి మాటా ఖంగుమని వినబడింది. గుమ్మం దగ్గర మా ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి పోయింది.

సెట్టు చప్పుడు తగ్గించి బావమరిది వైపు తిరిగాను. మాటిచ్చావు, ఇప్పుడు చెప్పు అన్నాను. వాడు నిలబడే ఉన్నాడు. సెట్టు చూశాడు, కిటికీలోంచి పైకి పోతున్న కేబుల్ చూశాడు, దాని జాయింటు దగ్గర వేలితో ఒకసారి తడిమాడు. నాకు కావలసిన మాటలో సగం ఇచ్చి, సగం తన దగ్గరే పెట్టుకున్నాడు.

"నీదే కరెక్టు బావ, నా చెవులతోని విన్న. చాయ్ హోటల్ల గూడ చెప్త, తప్పయిందని. కాని ఒక్క మాట. రేపు నువ్వు లేనప్పుడు అక్క పిలిస్తే, నేను మీదికెక్కితే, నడిమి తీగ జాలికి పెట్టి ఉన్నది నా కంట పడితే, మళ్ల సీదానే చేస్త. గది చూసుకుంట నా చేతులు ఊకోవు."